తొమ్మిదేళ్ళ జాడీ

ధూమ్రగిరి కొలువుకూటం ఆ ఉదయం కిక్కిరిసి ఉంది. నలభై ఎనిమిది రాతి స్తంభాలు, ప్రతి స్తంభానికీ పాకిన రాతి తీగ, తీగ తీగకూ కెంపులు పొదిగిన పువ్వులు. పై కిటికీల్లోంచి పడుతున్న ఎండకు ఆ కెంపులన్నీ కణకణ మండుతున్నాయి. నెమలిపింఛాల విసనకర్రలు ఊగుతున్నాయి. సింహాసనం మీద ఇరవయ్యేళ్ళ రాజు జయంధరుడు కూర్చుని ఉన్నాడు. అయినా సభలో ఒక్కరి చూపు కూడా రాజు మీద లేదు. అందరూ పీట మీద పెట్టిన ఒక మట్టి జాడీని చూస్తున్నారు.

జాడీ మోకాలెత్తు ఉంది. మెడ చుట్టూ అక్షరాలు, మూత మీద బంకమట్టి, ఆ మట్టి మీద చనిపోయిన పాత రాజుగారి ఉంగరపు ముద్ర. పక్కన వజ్రకోట రాయబారి శరభాంకుడు నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా, పట్టుబట్టల్లో వెదురుగడలా ఉన్నాడు. అతను నవ్వినప్పుడు పళ్ళు కనబడలేదు.

జాడీ ముందు వెండి గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్ల పేరు పైడి. వయసు పదిహేడు. ఆమెకు జాడీ మీద కన్నా ఆ నవ్వు మీదే ఎక్కువ అనుమానంగా ఉంది.

ఆ దేశంలో రాజుల ఒప్పందాలు తాటాకు మీద రాసుకోరు. పూర్వం ఒక మాంత్రికుడు నోటితో ఊది అక్షరాలు మార్చేసి మూడు ఊళ్ళు కాజేశాడట. అప్పటి నుంచి ఒప్పందం కుదిరిన ఏట పండిన యవలతోనే సుర కాచి, ఒప్పందపు మాటలు చెక్కిన జాడీలో పోసి, ముద్ర వేసి, ఇరుపక్షాలకూ చెందని ఒక ఇంటి నేలమాళిగలో దించుతారు. గడువు తీరిన నాడు రుచిసాక్షి ఆ సుర తాగి దాని వయసు చెబుతుంది. చెప్పిన వయసు సరిపోతే ఒప్పందం నిజం. ముద్రను దొంగిలించవచ్చు గాని, సుర లోపల గడిచిన ఏళ్ళను ఎవరు దొంగిలిస్తారని ఆ దేశస్థుల ధీమా.

ఈ జాడీ మెడ మీద ఉన్న మాటలు ఇవి: ‘తొమ్మిదేళ్ళు నిండిన నాడు తెల్లేటి గండి తాళంచెవి వజ్రకోటకు చెందును.’

తెల్లేటి గండి దగ్గర ఒక ఇనుప తలుపు ఉంది. ఏటి నీరు దాని గుండానే లోయలోకి దిగుతుంది. తాళంచెవి పెట్టి ఆ తలుపు తిప్పితే ఏరు మొత్తం కొండ అవతలికి, వజ్రకోట వైపు మళ్ళుతుంది. లోయలోని పన్నెండు ఊళ్ళూ ఒక్క వేసవికి బీడు పడతాయి. ఆ పన్నెండింటిలో పైడి ఊరొకటి.

పాత రాజుగారు ఇలాంటి ఒప్పందం గురించి కొడుకుతో ఎన్నడూ అనలేదు. ఆయన పోయి అయిదు నెలలైంది. జాడీని దాచామన్న సరిహద్దు ఇంటి యజమానిని పోయిన నెలలో పాము కరిచిందట. నలభై ఏళ్ళుగా రుచిసాక్షిగా ఉన్న నూకమ్మకు, అంటే పైడి మామ్మకు, సరిగ్గా అయిదు రోజుల క్రితం నాలుక కాలింది. ఎవరో బైరాగి ప్రసాదమని జావ ఇచ్చాడు. గిన్నెలో చల్లగా ఉన్న జావ నోట్లో పడగానే నిప్పు అయింది. అందుకే ఇవాళ నూకమ్మ బదులు ఆమె దగ్గర పని నేర్చుకున్న పైడి వచ్చింది.

“కానియ్యమ్మా,” అన్నాడు రాజు. గొంతు నిబ్బరంగానే ఉంది గాని అతని వేళ్ళు సింహాసనపు చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

పైడి ముద్ర పగలగొట్టి మూత తీసింది.

పైడి ఇంటి కింద ఇల్లంత నేలమాళిగ ఉంది. ఏ ఏటి జాడీలు ఆ ఏటి వరసలో ఉంటాయి. ఆరేళ్ళ వయసు నుంచి, ఏటా యవల కోత అయిన మర్నాడు, వరసకొక జాడీ విప్పి మామ్మ ఆమె నాలుక మీద చెంచాడు పోసేది. ఏడాది సుర దుడుకుగా ఉంటుంది. మూత తీస్తే నురుగు పైకి దూకుతుంది. అందులో వేసిన నేలవేము ఆకు చేదు నాలుక కొసను పట్టుకుని వదలదు. రెండో ఏట ఆ చేదు వెనక్కి జరిగి కూర్చుంటుంది. నాలుగేళ్ళకు అప్పుడే కాల్చిన రొట్టె వాసన, దాని వెనక తేనె. ఆరో ఏట ముదురు బెల్లం. ఎనిమిదికి ఎండు ఖర్జూరం. అప్పటికి నురుగు బద్ధకంగా లేచి వెంటనే పడుకుంటుంది. తొమ్మిదో ఏట ఖర్జూరం పక్కన ఎండు రేగుపండు పులుపు చేరి, అన్నిటికన్నా చివర ఒక్క రవ్వ ఉప్పు తగులుతుంది. పన్నెండు దాటితే తడిసిన తాటాకు రుచి. ఇక దాన్ని కుడితిలో పోయాల్సిందే. పల్చగా కాచిన సుర ఇదంతా చూడకుండానే ఏడాదికే చచ్చిపోతుంది.

“సుర కూడా మడిసి లాంటిదేనే,” అనేది నూకమ్మ. “కుర్రదైతే కరుస్తాది, నడివయసుదైతే నవ్వుతాది, ముసిల్దైతే సణుగుతాది. సణుగుడు మొదలవకముందే తాగెయ్యాల.”

పైడి గిన్నెలోకి సుర వంచింది. ముదురు తేనె రంగు. నురుగు బద్ధకంగా లేచి, ఒక్క క్షణం నిలిచి, పడుకుంది. ఆమె కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగింది. ఖర్జూరం. ఎండు రేగుపండు. గొంతులోకి దిగుతుండగా ఒక్క రవ్వ ఉప్పు.

తొమ్మిది. అణువంత తేడా లేదు.

పైడి గిన్నెను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడనిచ్చింది. వెచ్చబడితే సుర తన తప్పులు బయటపెట్టుకుంటుంది. మళ్ళీ తాగింది. ఏ తప్పూ లేదు. ఎంతో బాగుంది. ఇంత మంచి సుర ఆమె జన్మలో తాగలేదు. అక్కడే ఆమె ఒళ్ళు జలదరించింది.

“ఏం పాపా, నాలుక మొద్దుబారిందా? తొమ్మిది అన్న మాట చెప్పడానికి ఇంతసేపా?” అన్నాడు శరభాంకుడు తియ్యగా.

“తొమ్మిదే, ప్రభూ,” అంది పైడి రాజుతో. సభలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. “తొమ్మిదే గాని, ఆ ఏటి సుర ఇంత బాగుండకూడదు.”

“అంటే?”

“తొమ్మిదేళ్ళ క్రితం వానల్లేవు ప్రభూ. కొండల మీద నేలవేము మాడిపోయింది. రాజ్యంలో అందరూ దాని బదులు వేపచెక్క వేసి సుర కాచారు. నేను చిన్నదాన్ని. చెక్క మోసి మోసి నా భుజం ఒరుసుకుపోయింది. నేలవేము చేదు ఏళ్ళు గడిచేకొద్దీ పోతుంది. వేపచెక్క చేదు పోదు. ఆ ఏటి జాడీలను మేం మొండి జాడీలంటాం. ఎవరూ తాగరు. పారబొయ్యడానికి మనసొప్పక ప్రతి ఇంట్లోనూ మూలకి నెట్టేశాం. ఈ సురలో వేపచెక్క లేదు.”

ముసలివాళ్ళు తలలూపారు. అవునవును, కరువేడు, వేపచెక్క అని గుసగుసలు మొదలయ్యాయి. శరభాంకుడి నవ్వు చెదరలేదు.

“సరిహద్దు ఇంట్లో పాత నేలవేము దాచి ఉండవచ్చు కదా మహారాజా?”

“ఏడాది దాటిన నేలవేము గడ్డితో సమానం. చేదే ఉండదు. ఎవరూ దాచరు,” అంది పైడి.

“ఇది పిల్ల మాట. సాక్ష్యం ఏదీ?”

రాజు పైడి వైపు చూశాడు. పైడికి తన నాలుక మీద తనకే అనుమానం కలిగింది. మామ్మ ఆ వరస విప్పడం మానేసి, ఆ చేదు తాను చూసి ఆరేళ్ళయింది. “మా ఇంట్లో ఆ ఏటి జాడీలున్నాయి ప్రభూ. ఒకటి తెస్తాను. రెండూ పక్కపక్కన పెడితే తమరికే తెలుస్తుంది.”

“ఆచారం ప్రకారం పొద్దు వాలే వరకే గడువు,” అన్నాడు శరభాంకుడు. “ఆ లోపల జాడీ అబద్ధమని తేలకపోతే తాళంచెవి రుచిసాక్షి చేతికి, ఆమె చేతి నుంచి నా చేతికి రావాలి. అంతవరకు నేను విడిదిలో జపం చేసుకుంటాను.”

అలాగేనన్నాడు రాజు. గండికాపరుల నాయకుడు దాలినాయుణ్ణి పిలిచి పైడికి తోడు వెళ్ళమన్నాడు. దాలినాయుడిది కూడా పైడి ఊరే. బుర్రమీసాలవాడు, నూకమ్మను అత్తా అని పిలిచేవాడు, పైడికి మావ. గుర్రాలు తెస్తానని అతను సాలకు వెళ్ళాడు. కొంచెం ఆలస్యంగానే రెండు గుర్రాలతో వచ్చాడు.

దారి పొడుగునా పైడి కబుర్లు చెప్పబోయింది. దాలినాయుడు ఊఁ అనడమే తప్ప మరో మాట అనలేదు. మామూలుగా అతని నోరు మూయించడమే కష్టం. గండి గురించి దిగులు కాబోలనుకుంది పైడి. యవల చేలు ఇరువైపులా బంగారు కంబళ్ళు పరిచినట్టున్నాయి. కాలువలో తెల్లేటి నీళ్ళు గలగలలాడుతున్నాయి. దాలినాయుడు ఆ నీళ్ళ వైపు ఒక చూపు చూశాడు. దాహమైనవాడు కుండవైపు చూసినట్టుంది ఆ చూపు.

ఇంటి ముందు నూకమ్మ రోకలి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. నాలుక వాచి మాట ముద్దముద్దగా వస్తోంది.

“ఏటే, ఏటయింది?”

“తర్వాత సెప్తాను మామ్మా. మొండి జాడీ ఒకటి గావాల.”

“పక్కకు జరుగు, అవ్వా,” అన్నాడు దాలినాయుడు.

నూకమ్మ జరిగింది గాని, అతను లోపలికి వెళ్ళాక మనవరాలి చెయ్యి పట్టుకుంది. “ఈడికేటయిందే? పుట్టినకాడ్నించి అత్తా, నూకత్తా అని పేణం తీసీవోడు. ఇయాల అవ్వనైపోయానా?”

“దిగులులో ఉన్నాడులే,” అంది పైడి. అన్నదే గాని, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

నేలమాళిగకు పదకొండు మెట్లు. ఆ దేశంలో పాకే పిల్లలకు కూడా ఒక సంగతి తెలుసు. మూడో మెట్టు దగ్గర దీపం ఆర్పి గూట్లో పెట్టి, గోడ తడుముకుంటూ చీకట్లో దిగాలి. వెలుతురు తగిలితే సుర పాడవుతుంది. తడిసిన మేక కంపు పట్టి, కుక్క కూడా ముట్టదు. దొంగతనానికి వచ్చిన దొంగ కూడా మూడో మెట్టు దగ్గర దివిటీ ఆర్పుతాడని ఊళ్ళో నవ్వుతూ చెప్పుకుంటారు.

పైడి మూడో మెట్టు దగ్గర దీపం ఆర్పింది. వెనక నుంచి వెలుగు తగ్గలేదు.

దాలినాయుడు దివిటీ పైకెత్తి పట్టుకుని గబగబా ఆమెను దాటి దిగిపోతున్నాడు. వరసలు వరసలుగా జాడీలు ఎర్రటి వెలుగులో తళుక్కుమన్నాయి. ఏడాది పొడుగునా చీకటి తప్ప ఎరగని ఆ గదిలో, గోడల చెమ్మ మీద, పైకప్పు బూజుల మీద వెలుగు నాట్యమాడింది. జన్మలో మొదటిసారి పైడి తన నేలమాళిగను కళ్ళతో చూసింది. అది ఇంత చిన్నదని ఆమెకు తెలియదు.

“మావా,” అంది మెల్లగా, “దివిటీ.”

“ఏం, చీకటంటే భయం కదా నీకు? ఏ మూల? త్వరగా చూపించు.”

పైడికి పరుగెత్తాలనిపించింది. కాని జాడీ లేకుండా పరుగెత్తి ఏం లాభం? “ఆ చివర,” అని ఎడమ మూలకు చెయ్యి చూపించింది. మొండి జాడీలు ఉన్నది కుడి మూల.

అతను ఎడమ మూలకు వెళ్ళి, ఒక జాడీని మెడ పట్టి ఎత్తి, నేలకేసి కొట్టాడు. తర్వాత రెండోది. మూడోది. సుర మడ్డితో సహా నేలంతా పారింది. పగలగొట్టడానికే వచ్చాడు!

“నువ్వు మా దాలిమావవి కాదు,” అంది పైడి.

అతను వెనక్కి తిరిగి నవ్వాడు. బుర్రమీసాల కింద ఆ నవ్వులో పళ్ళు కనబడలేదు. “తెలివైన నాలుకే. అయితే ఇంకోటి కూడా విను. ఆ జాడీ కాచి వారమే అయింది. మంత్రపు వేడిలో ఏడు రోజులు ఉంచాను. తొమ్మిదేళ్ళు ముదిరింది. మీ సభలో నీ ఒక్కదానికి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. నువ్వు లేకపోతే ఇక ఎవరికీ తెలియదు.”

దివిటీ ముందుకు చాచి అతను ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. పైడి వెనక్కి జరిగింది. వీపుకు ఏదో తగిలింది. చేత్తో తడిమి చూసింది. మెట్ల పక్క వరస. కిందటేటి జాడీలు.

సురను కదపకూడదు, కుదపకూడదు, పసిబిడ్డలా ఎత్తుకోవాలి అని మామ్మ పదకొండేళ్ళు నేర్పింది. పైడి ఒక జాడీని ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కిందికీ మీదికీ కుదిపి, మూతను మెట్టు అంచుకు కొట్టింది. ఫెళ్ళున మూత ఎగిరింది. కుర్ర సుర బుస్సుమంటూ నురుగై లేచి శరభాంకుడి ముఖం మీద, మీసాల మీద, దివిటీ మీద పడింది. చుయ్యిమని దివిటీ ఆరిపోయింది.

ఇక చీకటి. చీకట్లో ఆ గదికి పైడే రాణి.

అతను కళ్ళు నులుముకుంటూ జాడీలకు తట్టుకుని తిట్ల దండకం ఎత్తుకున్నాడు. పైడి చప్పుడు లేకుండా కుడిగోడ పట్టుకుని పదిహేడు అడుగులు వేసి, వంగి, మూలనున్న వాటిలో అన్నిటికన్నా చిన్న జాడీని చేతుల్లోకి తీసుకుంది. పైటతో నడుముకు కట్టుకుంది. అక్కడే జాడీలు కడిగిన నీళ్ళు పోయే తూము ఉంది. ఒక మనిషి పట్టీ పట్టనట్టుగా ఉంటుంది. ఆమె అందులో తల దూర్చింది. మోచేతులు చీరుకుపోతున్నా, వెనక నుంచి జాడీలు పగులుతున్న చప్పుడు వినబడుతున్నా ఆగకుండా పాకింది. ఒక చప్పుడు తర్వాత పరుగు అడుగులు మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాయి. తర్వాత నిశ్శబ్దం.

పెరట్లో బురదలోంచి లేచి ఇంటి ముందుకు పరుగెత్తింది. ఆమెను చూడగానే నూకమ్మ రోకలి పైకెత్తింది.

“ఆగక్కడ! నువ్వెవుతివే?”

“నానే మామ్మా, పైడిని!”

“పైడి ఇప్పుడే గుర్రమెక్కి ఎల్లిపోనాది. నా కళ్ళతో సూసినాను. ఒంటికి బురద రాసుకొస్తే నమ్మెత్తానా? అడుగేసినావంటే బుర్ర పగిలిపోద్ది.”

పైడికి అర్థమైంది, అతను తన రూపంలో వెళ్ళాడని. అక్కడ సభలో తన నోటితో ఏం చెప్పబోతున్నాడో! రోకలి ఇంకా పైనే ఉంది.

“మామ్మా, నిన్న ఊరగాయ జాడీ పగలగొట్టింది పిల్లి కాదు, నానే!”

నూకమ్మ రోకలి దించింది. “నాకు తెల్సే. పిల్లికి అంత సేతకాని పని సేతకాదు. ఎల్లు, ఎల్లు! ఆ గుర్రానికి ఇంకా ఊపిరున్నాది.”

పొద్దు పడమటి కొండ మీద కూర్చోబోతోంది. పైడి గుర్రాన్ని తరిమిన తరుముకు యవల చేలు రెండు పసుపు చారలై వెనక్కి పోయాయి. కోట గుర్రపుసాల దగ్గర నీళ్ళ తొట్టి వెనక గడ్డిలో ఎవరో పడి ఉన్నారు. బుర్రమీసాలు. నుదుటి మీద బూడిద రేఖ. పైడి దిగి, తడిచేత్తో ఆ బూడిద తుడిచింది. దాలినాయుడు తుమ్మి లేచి కూర్చున్నాడు.

ఈయన కూడా నిజమైనవాడేనా? పైడి రెండడుగులు వెనక్కి వేసింది.

“ఏటే పిల్లా, ఆ బురదేటి, ఆ అవతారమేటి? నూకత్త సూసిందంటే తోలు వలిచేత్తాది. నానేటి ఇక్కడ తొంగున్నాను? నా తలపాగా ఏ ఎదవ ఎత్తుకెల్లాడు?” అంటూ అతను ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు.

“నువ్వే మావా, నువ్వే,” అని పైడి అతని చెయ్యి పట్టి లాగింది. “దారిలో సెప్తాను, పరిగెట్టు!”

ద్వారం దగ్గర భటులు ఈటెలు అడ్డం పెట్టారు. పైడి ఇందాకే లోపలికి వెళ్ళిందన్నారు. దాలినాయుడు ఒక ఈటెను అటు, ఒక ఈటెను ఇటు తోసి, “మా పిల్ల ఏదో నాకు మీరు సెప్తారేటి?” అని దారి చేశాడు.

కొలువుకూటంలో కెంపులు ఇప్పుడు మండడం లేదు, ఆరిపోతున్న నిప్పుల్లా ఉన్నాయి. శరభాంకుడి ఆసనం ఖాళీగా ఉంది. సింహాసనం ముందు పైడి నిలబడి ఉంది. అదే పరికిణీ, అదే జడ, బుగ్గ మీద అదే మచ్చ. రాజు ఎర్ర కుచ్చు కట్టిన మూరెడు ఇనుప తాళంచెవిని చేతిలో పెట్టుకుని, ముఖం పాలిపోయి, ఆమె వైపు చాస్తున్నాడు.

“పొరపాటు నాదే ప్రభూ,” అంటోంది ఆ పైడి, పైడి గొంతుతోనే. “మా ఇంటి జాడీ కూడా ఇలాగే తియ్యగా ఉంది. తొమ్మిదేళ్ళ సుర ఇదే. తాళంచెవి ఇప్పించండి, విడిదిలో ఉన్న రాయబారిగారికి నేనే అందజేస్తాను.”

“ఇవ్వకండి ప్రభూ!”

సభ మొత్తం వెనక్కి తిరిగింది. ఒకరిద్దరు కెవ్వుమన్నారు. శుభ్రంగా ఉన్న పైడి ఒకత్తె, బురద కొట్టుకుపోయి మోచేతుల నుంచి నెత్తురు కారుతున్న పైడి ఒకత్తె. భటులు బురద పైడినే పట్టుకున్నారు.

“చూశారా ప్రభూ, వజ్రకోటకు తాళంచెవి దక్కకూడదని ఎవరో పన్నిన మాయ!” అంది మొదటి పైడి.

రాజు తాళంచెవిని వెనక్కి తీసుకోలేదు, ముందుకూ చాపలేదు. ఒకసారి ఈమెను, ఒకసారి ఆమెను చూశాడు. ఎవరిని నమ్మాలో అతనికి తెలియడం లేదు. పైడికి కూడా అర్థమైంది, తాను ఎన్ని మాటలు చెప్పినా ఆ ముఖం ఎదుట అవి సగం మాటలే అవుతాయని.

“నన్ను నమ్మొద్దు ప్రభూ,” అంది. “దాన్నీ నమ్మొద్దు. నా నడుముకున్న జాడీ విప్పండి. తమరి నోటితో తమరే తాగండి. చేదు తెలియడానికి రుచిసాక్షి అక్కర్లేదు.”

మొదటి పైడి తాళంచెవి వైపు మరో అడుగు వేసింది. ఆ తొందర రాజు కంట పడింది. అతను చెయ్యి వెనక్కి లాక్కుని, మొండి జాడీ మూత విప్పించి, గిన్నెలో పోయించుకుని ఒక్క గుక్క తాగాడు.

మహారాజు ముఖం సభలో ఎవరూ ఎన్నడూ చూడని విధంగా వంకర్లు పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అమ్మో!” అన్నాడు, రాజునన్న సంగతి మరిచిపోయి. “తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఇంత చేదా! ఆ జాడీ అబద్ధం. తాళంచెవి ఎవరికీ ఇవ్వను. ఆమెను వదలండి, ఈమెను పట్టుకోండి!”

ఆ మాట పూర్తికాకముందే మొదటి పైడి ఎగిరింది. పరికిణీ రెక్కలైంది, జడ తోకైంది, మచ్చ ఉన్న బుగ్గ మీద ముక్కు వంకీ తిరిగింది. ఏనుగు గున్నంత గద్ద! దాని రెక్కల గాలికి నెమలిపింఛాలు ఊడి గాల్లో తిరిగాయి. భటులు బోర్లా పడ్డారు. అది ఒక కాలితో రాజు చేతిలోని తాళంచెవిని తన్నుకుని పై కిటికీ వైపు లేచింది.

గండి కాపలావాళ్ళకు మనుషులతో పనిలేదు. తాళంచెవి ఎవరు తెస్తే వాళ్ళకు తలుపు విడిచిపెట్టాలన్నదే వాళ్ళ కట్టడి. ఆ సంగతి పైడికి తెలుసు. ఆమె పీట మీదికి, పీట మీంచి స్తంభపు రాతితీగ మీదికి ఎగబాకి, గద్ద రెండో కాలిని రెండు చేతులతో వాటేసుకుంది.

“ఒలే పైడీ! వదిలీయే! వదిలీయమంటన్నానా!” దాలినాయుడి కేక కిందికి, ఇంకా కిందికి పోయి వినబడకుండా పోయింది.

గాలి చెవుల్లో హోరుమంది. కోట బురుజులు అరచేతిలో పట్టేంత అయ్యాయి. పొద్దు సగం కొండ వెనక్కి దిగింది. ఎర్రటి వెలుగులో తెల్లేరు రాగి తీగలా మెరుస్తూ లోయంతా వంపులు తిరిగింది. ఎదురుగా గండి, గండి మీద చీమల్లా కాపలావాళ్ళు, వాళ్ళ వెనక, కొండ అవతల వాలులో, పొదల చాటున కూర్చుని ఎదురుచూస్తున్న వజ్రకోట సేన. అంత సేన ఇవాళ్టికివాళ వచ్చింది కాదు. ఎన్నాళ్ళ నుంచి ఉన్నారో వీళ్ళు!

గద్ద కిందికి వాలడం మొదలుపెట్టింది. తాళంచెవి దాని అవతలి కాలిలో ఉంది. ఎర్ర కుచ్చు గాలికి పైడి ముఖానికి తగులుతూ తప్పిపోతోంది. ఒక చెయ్యి వదిలితేనే అది అందుతుంది. ఒంటి చేత్తో వేలాడటమంటే పడిపోవడంతో సమానం. కింద తెల్లేటి సుడిగుండం నల్లగా తిరుగుతోంది. అందులో పడిన పడవ చెక్కముక్క కూడా ఇంతవరకు తేలలేదు.

పైడి ఒక చెయ్యి వదిలింది. కుచ్చు వేళ్ళ మధ్య చిక్కింది. ముంజేతికి చుట్టుకుని లాగింది. గద్ద కీచుమని అరిచి కాలు విదిలించింది. ఆ విదిలింపుకే పట్టు సడలి తాళంచెవి పైడి చేతికి వచ్చింది. ఇనుము బరువుకు భుజం ఊడినట్టైంది. ఆమె రెండో ఆలోచన పెట్టుకోకుండా చెయ్యి చాపి వేళ్ళు విప్పేసింది.

ఎర్ర కుచ్చు గిరగిర తిరుగుతూ పోయి పోయి సుడిగుండంలో మునిగింది. నీటిమీద చిన్న తెల్లటి చుక్క లేచి మాయమైంది. ఇక ఆ తలుపును ఎవరూ తిప్పలేరు. ఏరు లోయలోకే పారుతుంది.

గద్ద గాల్లోనే ఆగిపోయింది. కోపంతో అరుస్తుందనుకుంది పైడి. ఆకాశం నుంచి విదిలించి పారేస్తుందనుకుంది. అది ఆ రెండూ చెయ్యలేదు. మెడ వంచి, గుండ్రటి కంటితో ఆమెను చాలాసేపు చూసింది.

“తాళంచెవిదేముంది, మీ రాజే మరొకటి పోతపోయించుకుంటాడు,” అంది శరభాంకుడి గొంతుతో, తేనెలా. “జాడీలు ఇంకా చెయ్యాలి. ఈసారి తప్పు పట్టలేనివి చెయ్యాలి. దానికి మంచి నాలుక కావాలి కదా.”

పైడి భయంతో పట్టు వదిలేసింది. కింద ఏరు ఉంది, పడితే పడనీ అనుకుంది.

ఆమె పడలేదు. గద్ద వేళ్ళు అప్పటికే ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. రెక్కలు ఒక్కసారి చప్పుడు చేశాయి. లోయను, ఏటిని, రోకలి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న ముసలమ్మను వెనక వదిలేసి, అది కొండ అవతలికి మళ్ళింది.